కోకాపేట ఫ్లాట్‌లో వెడల్పు ఓక్ పలకల ఫ్లోరింగ్: వేయించుకున్నవాళ్లు ఉన్నారా?

ఇరవయ్యారో అంతస్తు · మే 26, రాత్రి 10:12

అందరికీ నమస్తే. తొమ్మిదేళ్లు జెర్సీ సిటీలో ఉండి కిందటేడు వచ్చేశాం. అక్కడ అద్దెకున్న అపార్ట్‌మెంట్‌లో ఓక్ చెక్క నేల ఉండేది. జనవరిలో పొద్దున్నే లేచి వట్టి కాళ్లతో వంటింట్లోకి వెళ్లినా కాలికి చల్లగా జివ్వుమనేది కాదు. మా పాప పాకడం, నడవడం అంతా దాని మీదే. ఇప్పుడు కోకాపేటలో 2,650 చదరపు అడుగుల ఫ్లాట్ చేతికొచ్చింది. ఫ్లోరింగ్ మేమే వేయించుకుంటామని బిల్డర్‌కి చెప్పి, ఉత్త సిమెంటు నేలతోనే తీసుకున్నాం.

హాలు 520 అడుగులు, మాస్టర్ బెడ్‌రూమ్ 240. ఈ రెండింటికీ వెడల్పు ఓక్ పలకలు వేద్దామని ఆశ. ఒక షోరూమ్‌లో చూసింది ఇంజనీర్డ్ ఓక్: 220 మి.మీ. వెడల్పు, 2,200 పొడవు, 15 మి.మీ. మందం, అందులో పైన 4 మి.మీ. మాత్రమే ఓక్. అడుగుకి 780 చెప్పారు, జిగురూ కూలీ కలిపి ఇంకో 180. ఇంకో చోట 20 మి.మీ. సాలిడ్ ఓక్ చూపించి, "ఇదే సార్ అసలు చెక్క, ఇంజనీర్డ్ అంటే ప్లైవుడ్డే కదా" అన్నాడు. వినడానికి నిజమే అనిపించింది.

శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నాం. అంటే రెండు నెలలు కూడా లేదు. హైదరాబాద్‌లో చెక్క నేల వేయించుకుని మూడు నాలుగేళ్లు గడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. షోరూమ్ మాటలు చాలా విన్నాను.

తాండూరు బండ · మే 26, రాత్రి 10:31

ఇంటికి బండలు వేయాలి గానీ బల్లలు వేస్తారా అన్నా? మా ఇంట్లో 1987లో వేసిన తాండూరు బండలు ఇప్పటికీ అద్దంలా ఉన్నాయి. బకెట్ నీళ్లు గుమ్మరించి చీపురుతో తోసేస్తే పని అయిపోతుంది. మీరు అడుగుకి వెయ్యి పెట్టి కొని, దాని మీద నీళ్లు పడకుండా కాపలా కాస్తారు. కానివ్వండి.

హడ్సన్ ఒడ్డు · మే 26, రాత్రి 11:05

జెర్సీ సిటీ అనగానే ఆగలేకపోయాను, నేనూ ఇక్కడే ఉంటాను. మీరున్న బిల్డింగ్‌లో ఇంట్లో గాలి ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. చలికాలం హీటింగ్, ఎండాకాలం సెంట్రల్ ఏసీ, కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఇక్కడి చెక్క నేలల సంఘంవాళ్లు గదిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచమంటారు. మేం జనవరిలో హ్యుమిడిఫైయర్ (గాలికి తేమ పట్టించే మెషీన్) పెట్టకపోతే పలకల మధ్య సందులు తేలతాయి, ఏప్రిల్‌కి మళ్లీ కలిసిపోతాయి. అక్కడ మీరు పొద్దున ఆరింటికి బాల్కనీ తలుపులు తీసి, రాత్రి పదింటికి వేస్తారు. చెక్క అదే కావచ్చు, ఇల్లు వేరు కదా.

ఇంకో సంగతి. న్యూయార్క్‌లో పాత కో-ఆప్ (సొసైటీ) బిల్డింగుల్లో చాలాచోట్ల ఒక రూలు ఉంటుంది: నేలలో 80 శాతం కార్పెట్‌తోనో రగ్గుతోనో కప్పాలి. కింది ఫ్లాటువాళ్లకి అడుగుల చప్పుడు వినపడకూడదని. మా ఫ్రెండ్ లక్షలు పోసి ఓక్ వేయించుకుని, దాని మీద రగ్గులు పరిచి, మిగిలిన 20 శాతాన్ని చుట్టాలకి చూపిస్తుంది.

తాండూరు బండ · మే 26, రాత్రి 11:09

కొత్త సోఫా కొని ప్లాస్టిక్ కవర్ తియ్యని మా మేనత్త గుర్తొచ్చింది.

చిత్రికపని · మే 27, ఉదయం 6:48

నేను చెక్క పనివాణ్ణి. మాది రాజమండ్రి పక్కన, 22 ఏళ్లుగా హైదరాబాద్‌లోనే పని. చెక్క నేలలు పరిచినవీ ఉన్నాయి, ఎవరో పరిచినవి పీకి పోసినవీ ఉన్నాయి. పీకినప్పుడే ఎక్కువ నేర్చుకున్నాను.

ముందు సాలిడ్ సంగతి. వానాకాలం మీ బాత్రూమ్ తలుపు బిగుసుకుపోతుంది కదా? మే నెలలో అదే తలుపు వదులైపోయి గడియ ఆనదు. చెక్క అలాగే ఉంటుంది, గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, వదిలి ముడుచుకుంటుంది. తలుపైతే కాస్త చిత్రిక పట్టి సరిచేస్తాం. నేలని ఎక్కడని చిత్రిక పడతాం?

లెక్క చెప్తాను. వైట్ ఓక్ మామూలు కోత పలక, లోపలి తేమ ఒక శాతం మారితే వెడల్పులో 0.365 శాతం మారుతుంది. మన దగ్గర ఎండాకాలం ఇంట్లో చెక్క తేమ 6, 7 శాతానికి దిగుతుంది. వానల్లో తలుపులు తీసి ఉంచితే 12, 13కి పోతుంది. ఆరు శాతం తేడా వేసుకోండి. 200 మి.మీ. పలకకి 4.4 మి.మీ. అమెరికాలో పాత ఇళ్లలో వేసే రెండుంపావు అంగుళాల పట్టీ అయితే ఒకటింపావు మి.మీ. అంతే. అంత సందు కంటికి ఆనదు. గది మొత్తం మీద కదలిక ఒకటే, కానీ పట్టీలు ఎక్కువుంటే అది పంచుకుపోతుంది. వెడల్పు పలకల్లో నాలుగు సందుల్లోనే మొత్తం కనపడుతుంది. అందుకే వెడల్పు కావాలంటే సాలిడ్ వద్దు.

ఇంజనీర్డ్ అంటే ప్లైవుడ్డే అన్నాడే, ఆ మాట నిజమే. దాని గొప్పతనం కూడా అదే. ప్లైలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. పై ఓక్ వెడల్పుకి సాగుదామంటే కింది పొర పట్టుకుని సాగనివ్వదు. మీకు చూపించిన 4 మి.మీ. పొర మంచిదే, ముందుముందు రెండుసార్లు సాండింగ్ (పైన అరగదీసి నునుపు చేయడం) చేయించుకోవచ్చు. పైన 6 మి.మీ. ఉంది సార్ అని ఎక్కువ రేటు చెప్తే మురిసిపోకండి. పొర మందం పెరిగే కొద్దీ అది మళ్లీ సాలిడ్ బుద్ధే చూపిస్తుంది. మన ఎండలకి సన్న చీలికలు వస్తాయి.

కొనే ముందు ఒక పలక అడ్డంగా కోయించి చూడండి. ప్లై పొరల మధ్య బొక్కలు కనపడితే పక్కన పెట్టేయండి.

ఇరవయ్యారో అంతస్తు · మే 27, ఉదయం 9:20

మేస్త్రీ గారూ, ఇంత వివరంగా షోరూమ్‌లో ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. సాలిడ్ ఆలోచన ఇక్కడితో బంద్.

టేకు తాత · మే 27, మధ్యాహ్నం 2:15

నేను కలప డిపోలో పని చేసి రిటైరైనవాణ్ణి. నాకొకటి అర్థం కాదు. టేకు పుట్టిన దేశంలో ఉండి ఓక్ ఎందుకు బాబూ? పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి వైట్ ఓక్ అడ్డంగా పదిన్నర శాతం ముడుచుకుంటుంది. టేకు 5.8 శాతమే. పై మేస్త్రీ గారి లెక్కనే టేకుకి కట్టండి, ఒక శాతానికి 0.186. అదే 200 మి.మీ. పలక 2.2 మి.మీ. కదులుతుంది, సరిగ్గా సగం. ఓడల డెక్కుల మీద టేకు ఊరికే వేయలేదు.

చిత్రికపని · మే 27, మధ్యాహ్నం 3:02

తాతగారూ, మీ మాటకి ఎదురు లేదు. కానీ మీరు చూసిన టేకు ఇప్పుడేదీ? దొరికేదంతా తోట టేకు. లావు చిన్నది, తెల్ల చెక్క (బెరడు కింది మెత్తది) ఎక్కువ, చేవ (లోపలి గట్టి చెక్క) తక్కువ. 220 వెడల్పుతో, రెండు మీటర్ల పొడవుతో, నిఖార్సైన చేవ పలకలు 760 అడుగులకి సరిపడా తేవాలంటే డబ్బు మాట అటుంచండి, సరుకే దొరకదు. తెల్ల చెక్క ఉన్నచోట చెదలు ముందు దాన్నే వెతుక్కుంటాయి. ఓక్ కాస్త గట్టిది కూడా. చెక్క గట్టితనం కొలిచే జాంకా పరీక్షలో వైట్ ఓక్ 1,360 పౌండ్లు, టేకు దాదాపు 1,070.

టేకు తాత · మే 27, మధ్యాహ్నం 3:30

తోట టేకు మాట నిజం. ఊరుకుంటాను.

వైజాగ్ ఉప్పుగాలి · మే 27, రాత్రి 9:44

నేను వేయించుకుని దెబ్బ తిన్నవాణ్ణి, చెప్తాను. బీచ్ రోడ్డుకి రెండు వీధుల అవతల ఫ్లాట్. 2019లో హాల్లో 240 మి.మీ. ఇంజనీర్డ్ ఓక్ వేయించాం. వేసినవాళ్లు కింద నేల తేమ చూడలేదు, సరుకు దిగిన మర్నాడే పని మొదలెట్టి నాలుగు రోజుల్లో ముగించారు. మొదటి వానాకాలంలో ఏసీ డ్రెయిన్ పైపు పూడుకుపోయి రాత్రంతా గోడ వెంట నీళ్లు కారాయి. మేం ఊళ్లో లేం. వచ్చి చూస్తే పైన తడే లేదు, ఆరిపోయింది. హమ్మయ్య అనుకున్నాం. వారానికి, సాయంత్రం బాల్కనీలోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చూశాను. ఒక్కో పలకకీ రెండు అంచులూ లేచి, మధ్యలో దిగి, హాలంతా బోర్లించిన పెంకుల్ని తిరగేసి పేర్చినట్టు కనిపించింది. అరిచేత్తో రాస్తే అంచు అంచుకీ తగిలేది.

కంగారుపడి వెంటనే సాండింగ్ చేయించాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. అడుగు తడి పూర్తిగా ఆరాక పలకలు వాటంతట అవి సర్దుకున్నాయి. అంచులు అప్పటికే అరగదీసేశాం కాబట్టి ఇప్పుడు మధ్యలో ఉబ్బి, అంచుల్లో పల్లంగా ఉన్నాయి. ఆగి ఉంటే సగం బాగుపడేది.

ఇంకోటి, మా ఆవిడ ఇనుప స్టాండు మీద మనీప్లాంట్ కుండీ పెట్టింది. మూడు కాళ్ల కింద మూడు నల్లటి చుక్కలు, ఇంకు పోసినట్టు. ఎంత తుడిచినా పోలేదు. అదేంటో ఇప్పటికీ తెలీదు.

టేకు తాత · మే 27, రాత్రి 10:10

ఇంకు పోసినట్టు కాదు, అది ఇంకే. ఓక్ చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది. తడి, ఇనుము దానికి తగిలితే నల్లబడుతుంది. పచారీ కొట్లో బాలింతల మందుల్లోకి అమ్మే మాచికాయ ఉంది చూడండి, అది ఓక్ జాతి చెట్టుకి పురుగు కుట్టిన చోట ఏర్పడే బుడిపె. యూరప్‌లో వందల ఏళ్లు దానితోనూ, ఇనుప లవణంతోనూ సిరా చేసి రాసుకున్నారు. మన కాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేదీ ఇదే కిటుకుతో. గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గీస్తారు. గీసిన చోట నల్లగా తేలుతుంది. మీ ఆవిడ హాల్లో కలంకారీ వేసింది.

వైజాగ్ ఉప్పుగాలి · మే 27, రాత్రి 10:14

😀 తాతగారూ, ఆవిడకి చదివి వినిపించాను. స్టాండు కొనమన్నది మీరేగా అంటోంది.

చిత్రికపని · మే 28, ఉదయం 6:30

ఆ మచ్చకి ఆక్సాలిక్ యాసిడ్ పని చేస్తుంది. పై పాలిష్ గీకి, పల్చగా కలిపి రాసి, కడిగి ఆరనిచ్చి, మళ్లీ నూనె పట్టించాలి. విషం అది, పిల్లలున్న ఇల్లయితే మీరు ముట్టుకోకుండా పనివాడితో చేయించండి. అన్నట్టు ఓక్ పని జరిగేటప్పుడు స్టీల్ ఊల్ (ఇనుప పీచు) ఇంట్లోకి రానివ్వను. దాని పొడి మీద ఒక్క చుక్క నీళ్లు పడ్డా మచ్చే.

అత్తగారి పక్షం · మే 28, ఉదయం 11:25

అందరూ మిల్లీమీటర్లు మాట్లాడుతున్నారు. నేను ఇల్లు మాట్లాడతాను. శుక్రవారం గడప కడగాలి, పసుపు రాయాలి. పూజగది ముందు ముగ్గు వేయాలి. దీపం కుందిలోంచి నూనె కారుతుంది. వ్రతం చేస్తే పీట కింద నీళ్లు, అక్షతలు, కుంకుమ పడతాయి. పనమ్మాయి తడిగుడ్డ పిండదు, నీళ్లు కారుతూనే తుడుస్తుంది, అందులో ఫినాయిల్ కలుపుతుంది. గృహప్రవేశానికి హోమం చేస్తారు. ఆవు ఇరవయ్యారో అంతస్తుకి రాకపోయినా బంధువులు వంద మంది వస్తారు. మీ ఓక్ ఇవన్నీ ఓర్చుకుంటుందా నాయనా?

తాండూరు బండ · మే 28, ఉదయం 11:31

పిన్నిగారూ, మీకు నా ఓటు. రాజులు కూడా పాలరాయే వేసుకున్నారు, బల్లలు కాదు.

హడ్సన్ ఒడ్డు · మే 28, మధ్యాహ్నం 12:20

బండ గారూ, రాజుల మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. ఫ్రాన్స్‌లో వెర్సాయ్ ప్యాలెస్‌లో ముందు పాలరాయే ఉండేది. 1684లో దాన్ని తీయించి ఓక్ పార్కే (చెక్క ముక్కలు పేర్చిన నేల) వేయించారు. పాలరాయిని ఊరికే కడుగుతుంటే నీళ్లు కిందికి దిగి, దాన్ని మోసే చెక్క దూలాలు కుళ్లిపోతున్నాయని.

తాండూరు బండ · మే 28, మధ్యాహ్నం 12:26

అంటే అక్కడా గొడవ కడగడం దగ్గరే అన్నమాట. మరి పిన్నిగారు అంటున్నదీ అదేగా.

బెంగళూరు బాల్కనీ · మే 28, మధ్యాహ్నం 1:50

చెక్క డిజైన్ టైల్స్ వేసుకుంటే ఈ టెన్షన్ అంతా ఎందుకు? లేదంటే ఎస్పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) పలకలు, అడుగుకి 150 లోపే వస్తాయి, నీళ్లు పోసినా ఏం కాదు. మా ఇంట్లో అవే. దూరం నుంచి చూస్తే ఎవరూ కనిపెట్టలేరు.

ఇరవయ్యారో అంతస్తు · మే 28, రాత్రి 8:40

అవి కూడా చూశాను అండీ. కంటికి బాగానే ఉన్నాయి. కాలికి మాత్రం తెలిసిపోతోంది. పైగా ఒకే ముడి, ఒకే మచ్చ ప్రతి ఆరో పలకకీ వస్తోంది. ఒకసారి గమనించాక ఇక కళ్లు దాని మీదే ఉంటాయి.

పిన్నిగారి ప్రశ్నలు మా అత్తగారు అడిగినవే, ఒక్కటీ తేడా లేదు. పూజగది, వంటిల్లు, బాల్కనీ గుమ్మం దగ్గర ఓక్ వద్దని నిన్ననే ఒప్పుకున్నాను. అసలు గొడవ హోమం గురించి.

చిత్రికపని · మే 29, ఉదయం 7:05

పిన్నిగారు అడిగినవాటికి నా సమాధానం. నూనె చుక్క, కుంకుమ వెంటనే తుడిస్తే పోతాయి. పసుపు తడితో కలిసి నిలిస్తే మరక పడుతుంది. లక్కర్ పూత (పైన పొర కట్టే పాలిష్) ఉన్నదాని మీద కాస్త నయం. హార్డ్‌వ్యాక్స్ ఆయిల్ (చెక్కలోకి ఇంకే నూనె, మైనం) పట్టించినదైతే మరక త్వరగా లోపలికి ఇంకుతుంది. కానీ దెబ్బ తిన్న ఒక్క చోట గీకి మళ్లీ నూనె రుద్దుకోవచ్చు. లక్కర్ అయితే అలా అతుకు వేయలేం, గదంతా తీయాలి. నేను ఇళ్లకి నూనె, ఆఫీసులకి లక్కర్ చెప్తాను. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే నిప్పంటుకుంటాయి. నీళ్లలో ముంచి, పరిచి ఆరబెట్టి పారేయాలి.

తడిగుడ్డ విషయంలో పిన్నిగారే రైటు. కారే మాప్ ఏ ఓక్‌కీ పడదు. పనమ్మాయికి స్ప్రే మాప్ కొనిచ్చి, పక్కన నిలబడి పది రోజులు చూపించాలి.

ఇప్పుడు అసలు మాట. మీ సిమెంటు నేల పోసి ఎన్నాళ్లైంది సార్?

ఇరవయ్యారో అంతస్తు · మే 29, ఉదయం 7:40

స్లాబ్ పోసి రెండేళ్లు దాటింది. పైన లెవెలింగ్ సిమెంటు మాత్రం మార్చి ఆఖర్లో పోశారు, రెండున్నర అంగుళాలు. చూడటానికి తెల్లగా పొడిగానే ఉంది.

చిత్రికపని · మే 29, ఉదయం 7:52

పైన ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. అంగుళానికి నెల అని మోటు లెక్క, అదీ గాలి బాగా ఆడితే. మీది జూన్ మధ్యకి. ఈలోగా వానలు పడితే ఇంకా వెనక్కి పోతుంది.

ఈ పని చేయండి. అడుగున్నర పొడవు, అంతే వెడల్పుతో పాలిథీన్ కవర్లు మూడు కోసి, హాల్లో రెండు చోట్ల, బెడ్‌రూమ్‌లో ఒక చోట నేలకి పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి పోకుండా అంటించండి. ఒకటి తప్పనిసరిగా బాత్రూమ్ గోడ పక్కన. రేపు ఇదే టైముకి తీసి చూడండి.

ఇరవయ్యారో అంతస్తు · మే 30, ఉదయం 8:15

చూశాను. హాలు మధ్యలోది, బెడ్‌రూమ్‌లోది బాగానే ఉన్నాయి. బాత్రూమ్ గోడ పక్కన వేసిన కవర్ లోపలి వైపు, ఇడ్లీ కుక్కర్ మూతకి పట్టినట్టు నీటి బొట్లు. కింద సిమెంటు చుట్టుపక్కల కంటే ఒక ఛాయ నల్లగా ఉంది. వేలితో తాకితే చల్లగా తగిలింది. బయట ఎండ 41 డిగ్రీలు.

వైజాగ్ ఉప్పుగాలి · మే 30, ఉదయం 8:22

ఆగిపోండి. నా మాట వినండి, ఆగిపోండి.

చిత్రికపని · మే 30, ఉదయం 9:10

ఇక మీటరు పెట్టి చూడాల్సిందే. సిమెంటు మందంలో పైనుంచి నలభై శాతం లోతుకి రంధ్రం వేసి, గొట్టం దించి, మూసి, ఒక రోజు ఆగి లోపలి తేమ కొలుస్తారు. చెక్క వేయాలంటే 75 శాతం లోపు ఉండాలని చాలామంది తయారీదార్లు అడుగుతారు. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ కూడా మళ్లీ నీళ్లు కట్టి పరీక్షించమనండి, అటు నుంచి దిగుతోందేమో.

ఇరవయ్యారో అంతస్తు · జూన్ 9, రాత్రి 9:30

కొలిపించాను. హాలు మధ్యలో 79, బాత్రూమ్ పక్కన 91. బాత్రూమ్‌లో నీళ్లు కట్టి చూస్తే డ్రెయిన్ చుట్టూ కారుతోంది. సరిచేస్తామన్నారు. నిన్న మృగశిర, చేపలు తిన్నాం, వాన కూడా మొదలైంది. ఇంకెక్కడ ఆరుతుంది. షోరూమ్‌వాళ్లు మాత్రం "ఏం పర్లేదు సార్, కింద ఫోమ్ షీటు వేసేస్తాం, వచ్చేవారం వచ్చేస్తాం" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

టేకు తాత · జూన్ 9, రాత్రి 9:58

షీటు వేస్తే తడి పోదు బాబూ, దాక్కుంటుంది.

అత్తగారి పక్షం · జూన్ 10, ఉదయం 10:05

నాకొకటి తోస్తోంది, నవ్వకండి. శ్రావణంలో ఉత్త సిమెంటు నేల మీదే గృహప్రవేశం కానిచ్చేయండి. హోమం చేసుకోండి, పాలు పొంగించండి, పసుపు నీళ్లు చల్లండి, వంద మంది తిరగనివ్వండి. ముహూర్తం ఇంటికి గానీ ఫ్లోరింగ్‌కి కాదు కదా. ఆ తర్వాత కార్తీకంలో మీ బల్లలు పరుచుకోండి. మా చిన్నతనంలో గోడలకి సున్నం కూడా వేయకుండా గృహప్రవేశాలు చేసేవారు.

హడ్సన్ ఒడ్డు · జూన్ 10, ఉదయం 10:20

పిన్నిగారూ!! ఈ థ్రెడ్‌లో ఇంతకంటే మంచి సలహా రాదు.

చిత్రికపని · జూన్ 10, మధ్యాహ్నం 1:15

నేనూ ఒప్పుకుంటాను. పసుపు నీళ్లు చల్లండి, బకెట్లు మాత్రం పోయకండి. పని మొదలెట్టే ముందు పలకల పెట్టెలు ఏసీ నడుస్తున్న గదిలో, నేలకి ఆనకుండా బద్దల మీద పెట్టి, కనీసం వారం ఉంచండి. నేల రెండు మీటర్ల పట్టీ పెట్టి చూస్తే మూడు మి.మీ. మించి ఎత్తుపల్లాలు ఉండకూడదు. ఫోమ్ మీద తేలేలా కాకుండా సాగే గుణమున్న జిగురుతో నేలకి అంటించమనండి. నడిస్తే డబడబమని బోలు చప్పుడు రాదు. కింది ఇంటి కోసం పల్చటి కార్క్ షీటు కూడా జిగురుతోనే వేయొచ్చు. గోడ చుట్టూ 12 మి.మీ. ఖాళీ వదలాలి, స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది. ఆ ఖాళీలో పుట్టీ కూరితే మాత్రం వానాకాలం పలకలు మధ్యలో గుడారంలా లేస్తాయి.

పడమటి కిటికీ ఉంటే తెర కట్టండి. ఓక్ ఎండకి పసుపు రంగుకి తిరుగుతుంది. మొదటి ఏడాది ఒకే చోట రగ్గు పరిచి ఉంచితే దాని ఆకారం నేల మీద అచ్చు పడుతుంది.

బెంగళూరు బాల్కనీ · జూన్ 10, మధ్యాహ్నం 2:40

ఎర్ర ఓక్ చవగ్గా ఇస్తామంటున్నారు ఇక్కడ. తేడా ఏమిటి?

టేకు తాత · జూన్ 10, సాయంత్రం 4:00

ఎర్ర ఓక్ పుల్ల ఒక కొస నీళ్లలో ముంచి, ఇంకో కొస నోట్లో పెట్టి ఊదితే బుడగలు వస్తాయి. రంధ్రాలు ఆ చివర నుంచి ఈ చివరకి తెరిచే ఉంటాయి. తెల్ల ఓక్ చేవలో అవి పూడుకుపోయి ఉంటాయి. అందుకే వైన్ పీపాలు తెల్లదానితోనే చేస్తారు. రంగు కూడా ఎర్రదానిలో కాస్త గులాబీ జీర ఉంటుంది. తడి భయం ఉన్న ఇంట్లో తెల్లదే.

నిర్వాహకుడు · జూన్ 11

ఒక షోరూమ్ పేరు, ఫోన్ నంబరు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. ప్రచారాలు వద్దు.

ఇరవయ్యారో అంతస్తు · డిసెంబర్ 7, రాత్రి 9:05

చాలా రోజులైంది. శ్రావణంలో ఉత్త సిమెంటు మీదే గృహప్రవేశం అయింది. పురోహితుడు గారు ఒకసారి కిందికి చూశారు గానీ ఏమీ అనలేదు. హోమగుండం కింద ఇసుక పోసి ఇటుకలు పేర్చారు. అది తీశాక చూస్తే నేల మీద గుండ్రంగా నల్లటి మచ్చ. అది ఓక్ మీద పడి ఉంటే అనుకుంటేనే చెమట పట్టింది.

అక్టోబర్ ఆఖర్లో కొలిస్తే హాలు 68, బాత్రూమ్ పక్కన 73. నవంబర్‌లో పరిచారు, ఎనిమిది రోజుల పని. వెడల్పు 220 నుంచి 190కి తగ్గించుకున్నాను, హార్డ్‌వ్యాక్స్ ఆయిల్. తరుగు కలిపి 836 అడుగులు కొంటే పెట్టెన్నర మిగిలింది, అటక మీద దాచాను. బాల్కనీ గుమ్మం లోపల రెండడుగులు నల్ల గ్రానైట్ పట్టీ, పూజగది ముందు కూడా అదే. పనమ్మాయికి స్ప్రే మాప్ నచ్చింది. నడుం నొప్పి తగ్గిందట.

తాండూరు బండ · డిసెంబర్ 7, రాత్రి 9:12

రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు. అప్పుడు ఫొటో పెట్టు అన్నా, మాట్లాడుకుందాం.

ఇరవయ్యారో అంతస్తు · మే 29, రాత్రి 10:50

బండన్నా, రోహిణి వచ్చింది. ఇవాళ పర్సులోంచి ఏటీఎం కార్డు తీసి హాలంతా మోకాళ్ల మీద పాకుతూ సందు సందులో పెట్టి చూశాను. పడమటి కిటికీ దగ్గర ఒక్క చోట కార్డు అంచు దూరింది. మిగతా ఎక్కడా విజిటింగ్ కార్డు కూడా దూరలేదు. మా అత్తగారు సోఫాలో కూర్చుని, "పోయిన ఉంగరం వెతుకుతున్నావా నాయనా" అని అడిగారు.

తాండూరు బండ · మే 29, రాత్రి 11:02

ఆ ఒక్క చోటు ఫొటో తీసి పెట్టు.